‘అమ్మా, ఆ ఊళ్లో ఏముంది?’

కొత్త ఊరు. కొత్త ఉద్యోగం. గదిలో ఒక మంచం, కిటికీలో ఒక చెట్టు. నోరు విప్పి మాట్లాడాలంటే ఫోన్ తప్ప మనిషి లేని రోజులు. ‘ఇక నావల్ల కాదు, వచ్చేస్తా’ అనుకున్న ఓ తెలుగు ఇల్లాలు... వెళ్లిపోయే ముందు ఒక్క వారం ఆ ఊరిని చూద్దామనుకుంది. ఆ వారం కథే ఇది.

‘అమ్మా, ఆ ఊళ్లో ఏముంది?’

నరసరావుపేట నుంచి ఆరేళ్ల కూతురు ఫోన్లో అడిగిన ప్రశ్న. లండన్‌లో ఉన్న తల్లి జవాబు కోసం కాసేపు వెతుక్కుంది. వచ్చి ఐదు నెలలైంది. ఆఫీసుంది. ఆఫీసుకు తీసుకెళ్లే రైలుంది. రైలు దిగి నడిస్తే ఈస్ట్‌హామ్‌లో అద్దె గది ఉంది. ఇంకేముంది?

‘వానుందమ్మా’ అంది చివరికి.

ఓ బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఆమెది. జీతం బాగుంది, పని తెలిసిందే. తెలియనిదల్లా సాయంత్రం ఆరు తర్వాత ఏం చేయాలన్నదే. అప్పటికి మన దగ్గర రాత్రి పదిన్నర. పాప పడుకుని ఉంటుంది. శని, ఆదివారాలైతే మరీ కష్టం. బట్టలుతుక్కోవడం, పప్పు వండుకోవడం, కిటికీలోంచి చూడటం... అంతే.

ఆగస్టు చివరివారం సెలవు పెట్టి ఇంటికి రావాలనుకుంది. సెలవైతే దొరికింది కానీ విమానం టికెట్టు ధర కొండెక్కి కూర్చుంది. ఆ కబురు చెబుతూ ఏడ్చేసింది. భర్త కాలేజీలో లెక్చరర్. ఆయన ఒకటే మాటన్నారు. ‘అంత కష్టంగా ఉంటే వచ్చెయ్. దసరాకి అందరం ఇక్కడే ఉందాం. లేదంటే నేనే ఉద్యోగం మానేసి పాపను తీసుకుని వస్తా. ఏదో ఒకటి ఆదివారం రాత్రికి చెప్పు. కాలేజీలో నెల ముందు చెప్పాలి కదా.’

చేతిలో ఏడు రోజులున్నాయి. నాలుగు గోడల మధ్య కూర్చుని తేల్చుకునే విషయం కాదనిపించింది. సోమవారం ఉదయం గొడుగు తీసుకుని బయల్దేరింది.

సోమవారం: ఖాళీ గోడల మధ్య పాట

ఈస్ట్‌హామ్ నుంచి డిస్ట్రిక్ట్ లైన్ రైలెక్కితే లండన్ నడిబొడ్డుకు నేరుగా వెళ్లొచ్చు. మ్యాపులో దానిది ఆకుపచ్చ గీత. ఎంబాంక్‌మెంట్‌లో దిగి నాలుగడుగులు వేస్తే ట్రఫాల్గర్ స్క్వేర్. ఎదురుగా నేషనల్ గ్యాలరీ. లోపలికి వెళ్లడానికి టికెట్టు లేదు! ఓ బ్యాంకరు దగ్గరున్న 38 చిత్రాలను ప్రభుత్వం 1824లో కొనడంతో మొదలైన సంస్థ ఇది. వాన్‌గో వేసిన పొద్దుతిరుగుడు పూలూ ఇక్కడే ఉన్నాయి. పాఠ్యపుస్తకంలో అగ్గిపెట్టంత చూసిన బొమ్మ... ఎదురుగా నిలబడితే రంగు మట్టిలా ముద్దలు కట్టి కనిపించింది.

కానీ ఆమెను కదిలించింది బొమ్మలు కాదు, ఆ గదుల వెనకున్న కథ.

రెండో ప్రపంచయుద్ధం మొదలవగానే ఈ చిత్రాలన్నిటినీ లండన్ దాటించేశారు. తర్వాత వాటిని వేల్స్ కొండల్లోని మానడ్ రాతిగనిలో దాచారు. గ్యాలరీ గోడలు బోసిపోయాయి. ఊళ్లో సంగీతశాలలు మూతపడ్డాయి, రాత్రయితే దీపం వెలిగించకూడదు. అప్పుడు పియానో విద్వాంసురాలు మైరా హెస్ ఓ ఆలోచన చేశారు. ఆ ఖాళీ గదుల్లోనే మధ్యాహ్నం భోజనం వేళ కచేరీలు పెడదామన్నారు. 1939 అక్టోబరులో మొదలయ్యాయి. టికెట్టు ఒక షిల్లింగు. బాంబులు పడుతున్నప్పుడు సభను నేలమాళిగలోకి మార్చారే తప్ప మానలేదు. అలా ఆరున్నరేళ్లలో దాదాపు 1,700 కచేరీలు జరిగాయి. 1942 నుంచి నెలకో చిత్రాన్ని గని నుంచి తెచ్చి గోడకు వేలాడదీసేవారు. ఆ ఒక్క బొమ్మను చూడటానికి జనం వరస కట్టేవారు.

‘ఇల్లు పోయినవాళ్లు, కొడుకును యుద్ధానికి పంపినవాళ్లు కూడా ఆ మధ్యాహ్నాలు ఇక్కడికొచ్చి కూర్చుని ఉంటారు కదా! నాకైతే ఉన్న ఇబ్బందల్లా ఒంటరిగా ఉండటమే’ అనుకుంది. గదికి వెళ్తూ దారిలో రేపటికి ఓ నాటకం టికెట్టు కొనుక్కుంది.

మంగళవారం: వానలో షేక్‌స్పియర్

థేమ్స్ నది ఒడ్డున గుండ్రంగా, కొయ్యతో కట్టిన నాటకశాల. పైన గడ్డి కప్పు. మధ్యలో కప్పే లేదు, ఆకాశమే. అదే షేక్‌స్పియర్స్ గ్లోబ్. కుర్చీ కావాలంటే ఖరీదెక్కువ. వేదిక ముందు నిలబడి చూస్తానంటే మాత్రం టికెట్టు 5 పౌండ్ల నుంచి దొరుకుతుంది. ఏడు వందల మంది దాకా అలా నిలబడి చూడొచ్చు.

నాటకం మొదలైన పది నిమిషాలకే వాన. గొడుగు తెరవబోతే పక్కనున్న పెద్దాయన వద్దన్నట్టు చెయ్యూపాడు. ఇక్కడ గొడుగులు తెరవకూడదు, వెనకవాళ్లకు అడ్డం కదా! ఎవరో సంచిలోంచి ప్లాస్టిక్ తొడుగు తీసి ఆమెకిచ్చారు. వాన పడుతూనే ఉంది. ఒక్కరూ కదల్లేదు. నటులు జనం మధ్యలోంచి నడుస్తూ, వానమీద కూడా ఓ ఛలోక్తి విసిరారు. అందరూ గొల్లున నవ్వారు.

నాలుగు వందల ఏళ్లనాటి ఇంగ్లిషు. ఆమెకు సగం మాటలు అర్థం కాలేదు. అయితేనేం? చిన్నప్పుడు నాయనమ్మ చాప పరిచి కూర్చుని ‘సత్యహరిశ్చంద్ర’ నాటకం చూసేది. ఆవిడకూ పద్యాల్లో అన్ని సమాసాలూ అర్థమయ్యేవి కాదు. కానీ కాటిసీను వచ్చేసరికి కొంగు తడిసిపోయేది. ‘వన్స్‌మోర్’ అనే కేక ఒక్కటే ఇక్కడ తక్కువ!

ఈ నాటకశాలను నిలబెట్టడానికి పూనుకున్నదెవరో తెలుసా? లండన్ వాడు కాదు, అసలు ఇంగ్లిషువాడే కాదు. షికాగోలో పుట్టిన నటుడు శామ్ వానమేకర్. 1949లో ఆయన తొలిసారి లండన్ వచ్చి షేక్‌స్పియర్ నాటకాలాడిన గ్లోబ్ ఎక్కడుందని వెతికితే, సారాబట్టీ గోడమీద ఓ ఫలకం మాత్రం కనిపించింది. అంత గొప్ప కవికి ఇంతేనా గుర్తు అని బాధపడ్డాడు. తర్వాత ఇంగ్లండులోనే స్థిరపడి ఏళ్ల తరబడి విరాళాలు పోగుచేశాడు. 1666లో ఊరంతా తగలబడిన తర్వాత లండన్‌లో గడ్డికప్పుకు అనుమతి ఇచ్చింది మళ్లీ దీనికే. కట్టడం పూర్తికాకుండానే 1993లో ఆయన కన్నుమూశాడు. 1997లో తలుపులు తెరుచుకున్నాయి.

పరాయి ఊరివాడు వచ్చి, ఆ ఊరు పోగొట్టుకున్నదాన్ని ఆ ఊరికే కట్టిచ్చాడన్నమాట! తడిసిన బట్టలతో రైల్లో కూర్చుని ఆమె అదే ఆలోచించింది.

బుధవారం: ఎనిమిది పౌండ్ల కచేరీ

సౌత్ కెన్సింగ్టన్‌లో దిగి, మ్యూజియాల వీధి వెంట నడిస్తే పెద్ద గుమ్మటం కనిపిస్తుంది. 1871లో ప్రారంభమైన రాయల్ ఆల్బర్ట్ హాల్. జులై మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఇక్కడ ‘ప్రామ్స్’ జరుగుతాయి. మన త్యాగరాజ ఆరాధనోత్సవాల్లాంటి సంగీత జాతర అనుకోవచ్చు... కాకపోతే రెండు నెలలు!

1895లో రాబర్ట్ న్యూమన్ అనే నిర్వాహకుడు, హెన్రీ వుడ్ అనే యువ సంగీత దర్శకుడు కలిసి దీన్ని మొదలుపెట్టారు. గొప్ప సంగీతం గొప్పవాళ్లకే ఎందుకు? షిల్లింగు ఇచ్చినవాణ్ని కూడా రానిద్దాం, నిలబడి విననిద్దాం... ఇదీ వాళ్ల ఆలోచన. మొదట జరిగిన క్వీన్స్ హాల్ 1941లో బాంబు దాడికి కాలిపోతే కచేరీలు ఆల్బర్ట్ హాల్‌కు వచ్చాయి. నిలబడే పద్ధతి మాత్రం మారలేదు. 2025లో కూడా ఆ టికెట్టు ఖరీదు 8 పౌండ్లే. వెయ్యిమందికి పైగా అలా నిలబడొచ్చు. ఆశ్చర్యం ఏమిటంటే, వేదికకు దగ్గరగా ఉండేది వాళ్లే. వందల పౌండ్ల పెట్టెల్లో కూర్చున్నవాళ్లు దూరం!

ఆమె ముందు వరసలో ఓ ముసలావిడ. ఎన్నో ఏళ్లుగా వస్తోందట. ‘మొదటిసారా? అయితే ఒక్క సంగతి. మధ్యలో ఆగినప్పుడు చప్పట్లు కొట్టకు, అది అయిపోయినట్టు కాదు’ అని చెవిలో చెప్పింది. ఆ రాత్రి బీథోవెన్ సింఫనీ. నాలుగు భాగాలు. ఒక్కో భాగం మధ్యా వేలమంది ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం. ఆ తర్వాత సన్నగా దగ్గులు, నవ్వులు, మళ్లీ నిశ్శబ్దం. విరామంలో నిలబడ్డవాళ్లంతా నేలమీద చతికిలబడ్డారు. ముసలావిడ డబ్బా తెరిచి శాండ్‌విచ్ ముక్క ఇచ్చింది. ఆమె తన దగ్గరున్న జంతికలు పెట్టింది.

‘ఇవేమిటి? భలే ఉన్నాయే!’

ఐదు నెలల్లో ఆమె వండిన వస్తువును మరో మనిషి తినడం అదే మొదటిసారి.

గురువారం: ఏమీ కొనక్కర్లేని చోటు

గురువారం ఒళ్లు నొప్పులు. రెండు రోజులు నిలబడ్డ కాళ్లు మరి! అయినా గదిలో ఉండబుద్ధి కాలేదు. థేమ్స్ మీద నడకవంతెన దాటి రాయల్ ఫెస్టివల్ హాల్‌కు వెళ్లింది. యుద్ధంలో చితికిపోయిన దేశానికి ఊపిరి పోయాలని 1951లో జరిపిన బ్రిటన్ ఉత్సవం కోసం కట్టిన భవనమిది. 1983 నుంచి దీని వరండాలు పగలంతా అందరికీ తెరిచే ఉంటున్నాయి. టీ కూడా కొనక్కర్లేదు. ఓ మూల పిల్లలు చదువుకుంటారు, ఓ మూల ఎవరో పదం కదుపుతూ నాట్యం సాధన చేస్తారు. ఏదో మూల కునుకు తీసేవాళ్లూ ఉంటారు. ఐదో అంతస్తులో నేషనల్ పొయెట్రీ లైబ్రరీ. కవిత్వం కోసమే ఓ గ్రంథాలయం! 1953లో దీన్ని ప్రారంభించినవాళ్లలో కవి టి.ఎస్. ఎలియట్ ఒకరు.

బయట నది ఒడ్డున వాటర్లూ వంతెన కింద పాత పుస్తకాల బల్లలు. వానొచ్చినా తడవవు. విజయవాడలో పాత పుస్తకాల కోసం ఏలూరు రోడ్డు తిరిగిన ఇంజినీరింగ్ రోజులు గుర్తొచ్చాయి. పాపకోసం ఓ బొమ్మల కథల పుస్తకం కొంది. పోస్టులో పంపాలా, ఇక్కడే ఉంచాలా? ఆ ప్రశ్నకు అప్పటికి జవాబు లేదు. సంచిలో పెట్టుకుంది.

శుక్రవారం: ఊరివాళ్లు కనిపించారు

బ్రిటిష్ మ్యూజియం శుక్రవారాల్లో రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది. ప్రవేశం ఉచితం. ఈజిప్టు మమ్మీలు, గ్రీకు శిల్పాలు చూస్తూ నడిచి నడిచి 33-ఎ అనే గదిముందు ఆగింది. అద్దాల వెనక తెల్లటి రాళ్లు. పక్కన పేరు: అమరావతి.

కాళ్లు కదల్లేదు.

ఐదో తరగతి విహారయాత్రకు బడివాళ్లు తీసుకెళ్లింది అమరావతికే. అమరేశ్వరుడి దర్శనం, కృష్ణ ఒడ్డున పులిహోర. పక్కనే స్తూపం అని చూపిస్తే ఓ మట్టిదిబ్బ, చుట్టూ కొన్ని రాళ్లు. ‘ఇంతేనా సార్?’ అని అడిగినట్టు గుర్తు. మిగతావి ఎక్కడున్నాయో ఇప్పుడు కళ్లముందు కనిపిస్తున్నాయి. తామరపూలు, పూలదండ మోస్తున్న మనుషులు, గుర్రాలు, చామరాలు. గాజులు మోచేతిదాకా వేసుకున్న ఆడవాళ్లు. మన పల్నాటి సున్నపురాయే అది. పాలరాయి అని పేరుపడిందంతే.

ఈ రాళ్ల ప్రయాణం ఆమె ప్రయాణం కంటే కష్టమైంది. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో ఊరు కట్టిస్తున్నప్పుడు దిబ్బ తవ్వితే ఇవి బయటపడ్డాయి. కొన్ని ఇళ్లకూ, మెట్లకూ పోయాయి. కబురు విని కోలిన్ మెకంజీ వచ్చాడు, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి శిల్పాలను మద్రాసు చేర్చాడు. అక్కడ కొన్నేళ్లు ఎండకూ వానకూ ఆరుబయటే. 1859లో ఓడెక్కించారు. లండన్ చేరాకైనా సుఖముందా? సరైన చోటు లేక ఓ భవనం తాలూకు బండ్లశాలలో పడేశారు. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి. వాటికంటూ ఈ గది ఏర్పడింది 1992లో. నూటఇరవైకి పైగా శిల్పాలు ఇక్కడున్నాయి. మరో పెద్ద భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది.

ఒక పలకముందు చాలాసేపు నిలబడింది. దానికి రెండువైపులా శిల్పమే. ఒకవైపు బోధివృక్షం, ఖాళీ ఆసనం, దండం పెడుతున్న భక్తులు. రెండోవైపు పూర్తి స్తూపం, సింహాలతో సహా. ముందు చెక్కిన రాయినే తర్వాతి శతాబ్దాలవాళ్లు తిప్పి, వెనకవైపు మళ్లీ చెక్కుకున్నారన్నమాట. ఐదో తరగతిలో దిబ్బ మాత్రమే చూసిన స్తూపం అసలు ఎలా ఉండేదో ఇక్కడ ఈ పలకమీద చూసింది.

సంతోషమా, కోపమా? రెండూనూ. మన రాళ్లు మన పిల్లలు చూడాలంటే వీసా కావాలా అన్న బాధ ఒకవైపు. సున్నపు బట్టీల పాలు కాకుండా మిగిలాయన్న ఊరట మరోవైపు. పక్కన ఓ కుర్రాడు పేరుపలక చదివి ‘ఇదెక్కడుంది?’ అని స్నేహితుణ్ని అడిగాడు. ఆమె ఆగలేకపోయింది. ‘మా ఊరి దగ్గరే’ అంది. తర్వాత పావుగంట... శాతవాహనుల నుంచి కృష్ణా నది దాకా గుక్కతిప్పుకోకుండా చెప్పింది. చెబుతుంటే మరో నలుగురు చేరారు.

ఆ రోజు మొదటిసారి ఆమె ప్రేక్షకురాలు కాదు.

శనివారం: కోలాటం టీచరమ్మ

వీధి చివర కిరాణా కొట్లో బెండకాయలు ఏరుకుంటుంటే వెనకనుంచి తెలుగు. వినాయక చవితికి పిల్లలతో ఏదో వేయించాలి, నేర్పేవాళ్లు లేరని ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఎప్పుడైనా అయితే విని ఊరుకునేదే. నిన్నటి పావుగంట ధైర్యం ఇంకా ఉంది.

‘ఏమండీ, కోలాటమైతే నాకొచ్చు.’

‘అయ్యో, ఇన్నాళ్లూ ఎక్కడున్నారండీ!’

మధ్యాహ్నానికల్లా అద్దెకు తీసుకున్న ఓ బడి హాల్లో పదహారుమంది పిల్లలు. కోలాటం కర్రలెక్కడివి? ఓ తండ్రి హార్డ్‌వేర్ దుకాణంలో గుండ్రటి కర్రబద్దలు కొని జానెడు ఎక్కువగా కోయించి తెచ్చాడు. శ్రీరామనవమి పందిట్లో నాయనమ్మ నేర్పిన కోపులు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. పిల్లలకు తెలుగు వచ్చీరానట్టుంది. కుడి, ఎడమ తికమక. వేళ్లమీద దెబ్బలు. అయినా గంట గడిచేసరికి పదహారు జతల కర్రలూ ఒక్కసారి టక్కుమన్నాయి.

‘ఆంటీ, వన్ మోర్ టైమ్!’

గ్లోబ్‌లో వినపడని వన్స్‌మోర్ ఇక్కడ దొరికింది.

ఆదివారం: తిరునాళ్ల

నాటింగ్ హిల్ కార్నివాల్. ఏటా ఆగస్టు చివరి సోమవారం, దాని ముందురోజు ఆదివారం జరుగుతుంది. ఆదివారం పిల్లలు, కుటుంబాల రోజు. రెండు రోజుల్లో పది లక్షలకు పైగా జనం వస్తారని అంచనా. దుకాణాల అద్దాలకు చెక్కలు కొట్టేశారు. వీధి పొడవునా కాల్చిన కోడి, మొక్కజొన్న పొత్తుల పొగ. నెమలి పింఛాల్లాంటి ఈకల దుస్తుల్లో పిల్లలు, ముసలివాళ్లు. లారీలమీద గుండె అదిరే పాటలు. వాటి వెనక స్టీలు డ్రమ్ముల దళాలు.

ఈ వేడుక సరదాగా పుట్టలేదు. 1948 తర్వాత ఓడలెక్కి పనికోసం వచ్చిన కరీబియన్ దీవులవాళ్లకు ఇళ్లు అద్దెకిచ్చేవారు కాదు. 1958 ఆగస్టులో ఇవే వీధుల్లో వాళ్లమీద దాడులు జరిగాయి. ట్రినిడాడ్‌లో పుట్టిన పాత్రికేయురాలు క్లాడియా జోన్స్ దానికిచ్చిన జవాబేమిటో తెలుసా? మరుసటి జనవరిలో సెయింట్ పాంక్రస్ టౌన్‌హాల్లో ఓ కార్నివాల్! గడ్డకట్టే చలి కాబట్టి నాలుగు గోడల మధ్యే జరిపారు. 1966లో సంఘసేవిక రోన్ లాస్లెట్ పిల్లలకోసం పెట్టిన వీధి ఉత్సవంలో రసెల్ హెండర్సన్ బృందం స్టీలు డ్రమ్ములు మెడకు తగిలించుకుని నడవడం మొదలెట్టింది. జనం ఇళ్లలోంచి వచ్చి వెంట నడిచారు. ఇప్పటికీ నడుస్తూనే ఉన్నారు.

ఆ డ్రమ్ము చరిత్రా అంతే. ట్రినిడాడ్‌లో ఆంగ్లేయ పాలకులు తోలు వాద్యాలను అణచివేస్తే అక్కడివాళ్లు వెదురు బొంగులు వాయించారు. తర్వాత డబ్బాలు, చివరికి పనికిరాని నూనె పీపాలు. సాగగొట్టి, స్వరాలు పలికించి, ఓ కొత్త వాద్యాన్నే పుట్టించారు. ఊరు చోటివ్వకపోతే వాళ్లు తమ ఊరినే వీధిలోకి తెచ్చుకున్నారు. ఇప్పుడది లండన్ పండగ.

మధ్యాహ్నం మూడున్నర. నరసరావుపేటలో రాత్రి ఎనిమిది. ఆమె ఫోన్ కలిపి చేయి పైకెత్తింది. ఎత్తైన బండి ఒకటి రంగురంగుల గుడ్డలతో ఊగుతూ వస్తోంది. వెనక డప్పులు, ఈలలు.

అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత పాప కేక.

‘అమ్మా! ప్రభ! అక్కడ కూడా కోటప్పకొండ తిరునాళ్ల ఉందా?’

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వెనకనుంచి భర్త గొంతు. ‘ఏం తేల్చుకున్నావ్?’

ఆ రొదలో జవాబు ఆయనకు వినపడలేదు. ఫోన్ పెట్టేసి మెసేజ్ పెట్టింది. ‘వచ్చేటప్పుడు నాయనమ్మ కోలాటం కర్రలు తీసుకురండి. ఇక్కడివి తేలికగా ఉన్నాయి.’

ఐదు నెలలు ఏమీ లేదనుకున్న ఊరు వారంలో మారిపోలేదు. వాన అలాగే ఉంది, అద్దె అలాగే ఉంది. రెండు టికెట్లకు కలిపి ఆమె పెట్టిన ఖర్చు లండన్ నడిబొడ్డున ఓ సినిమా టికెట్టుతో సమానం. మిగతా వారమంతా ఉచితమే. ఒక్క జంతికల పొట్లం, ఒక్క పావుగంట కబుర్లు, ఒక్క కోలాటం... ఆమె ఇచ్చినవి ఇంతే. అవి ఇచ్చాకే ఊరు తలుపు తీసింది.

వాటర్లూ వంతెన కింద కొన్న బొమ్మల పుస్తకం ఇప్పుడు ఈస్ట్‌హామ్ గదిలో, కిటికీ పక్కన ఉంది. పాప వచ్చి చదువుతుంది.